జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మా అపార్ట్‌మెంట్ పిల్లలు లిఫ్టులో కనబడితే చాలు, నన్ను ఒకటే ప్రశ్న వేస్తారు. "అంకుల్, ట్యాక్స్ మిగలాలంటే పీపీఎఫ్ మంచిదా, పీఎఫ్‌లోనే ఇంకొంచెం ఎక్కువ కోయించుకోవడం మంచిదా?" సర్వీసంతా ఆ సెక్షన్లోనే అరిగిపోయినవాణ్ని కాబట్టి నాకు తోచిందేదో చెబుతాను. చెప్పాక, "అది సరే, నీ పీఎఫ్ కాగితాల్లో పుట్టినతేదీ ఎంతుందో ఎప్పుడైనా చూసుకున్నావా?" అని అడుగుతాను. వాళ్లు నవ్వేస్తారు. అదీ ఒక సమస్యేనా అని ఆ నవ్వుకు అర్థం. లిఫ్టులో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో తప్పు నాదే కనుక ఎవరి పేర్లూ రాయడం లేదు, నాది కూడా.

మాది కర్నూలు వైపు. అక్కడ నేను పనిచేసిన మిల్లు మూతపడ్డాక హైదరాబాద్ వచ్చి, హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ జీతాల సెక్షన్లో చేరాను. చుట్టూ అద్దాలు, లోపల చలి, బయట రాళ్లగుట్టలు. ఇంజినీర్లు ఏం తయారుచేసేవాళ్లో నాకు చివరిదాకా అర్థం కాలేదు గానీ, ఆ ఇంజినీర్లు మాత్రం నాకు బాగా అర్థమయ్యేవాళ్లు. ఏటా జనవరిలో ట్యాక్స్ మినహాయింపు కోసం అందరూ కాగితాలు పట్టుకొచ్చేవాళ్లు. పీపీఎఫ్ పాసుపుస్తకం, ఇన్సూరెన్స్ రసీదు, అత్తగారి సంతకంతో అద్దె రసీదు. ఫారాలు చదవడం నాకు ఉద్యోగం కాదు, ఒక జబ్బు. ఒకబ్బాయి నామినీ గడిలో ఒక అమ్మాయి పేరు రాసి, కొట్టేసి, వాళ్ల అమ్మ పేరు రాశాడు. ఆరు నెలల తర్వాత వచ్చి మళ్లీ ఆ అమ్మాయి పేరే రాస్తానన్నాడు. "అమ్మగారు ఒప్పుకున్నారా?" అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

మా సెక్షన్లో నా పక్క సీటు ఒక చందానగర్ ఆయనది. నాకంటే నాలుగేళ్లు చిన్న, లెక్కలో నాకంటే గట్టి. తెలంగాణ ఉద్యమం మళ్లీ రాజుకున్నాక మా ఇద్దరికీ రోజూ టీ దగ్గర వాదన తప్పేది కాదు. టీ పైసలు మాత్రం ఒకరోజు ఆయన, ఒకరోజు నేను.

ఆ రోజుల్లో పీఎఫ్ నంబర్లు ఏపీ అనే అక్షరాలతో మొదలయ్యేవి. ఒకరోజు గోదావరి జిల్లా అమ్మాయి ఒకతె మా గాజు గదిలోకి వచ్చి, "రాష్ట్రం విడిపోతే మా పీఎఫ్ ఇక్కడే ఇరుక్కుపోతుందాండీ?" అని గుసగుసగా అడిగింది. మర్నాడు సిద్దిపేట అబ్బాయి వచ్చాడు. "నంబర్ల ఏపీ అని ఉన్నది సార్. మా పైసలన్నీ అటే పోతయా ఏంది?" ఇద్దరికీ ఒకటే చెప్పాను, ఆ ఫండు కేంద్రానిది, రాష్ట్రాలతో దానికి సంబంధం లేదని. ఇద్దరూ నమ్మలేదు. నా పక్క సీటాయన నవ్వి, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, రాష్ట్రం రాంగనే గా రెండక్షరాలు మేమే మార్పిస్తం" అన్నాడు. భయం ఇద్దరిదీ ఒకటే కావడం నాకు భలే వింతగా అనిపించింది.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మా అంతస్తు ఊడ్చి తుడిచే ఆవిడది ఖాజాగూడ. గుట్టల పక్కన తమ్ముడి ఇంట్లో ఒక గది ఆమెది. భర్త పోయాడు. ఆమె పనిచేసేది మా కంపెనీకి కాదు, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరుకు. కాంట్రాక్టరు తన మనుషులకు పీఎఫ్ కడుతున్నాడా లేదా అని చూసే బాధ్యత మాది. రెండు వేల నాలుగు జనవరిలో వాళ్లందరికీ కొత్తగా పీఎఫ్ ఫారాలు నింపాల్సి వస్తే, కాంట్రాక్టరు సూపర్‌వైజర్ చేతులెత్తేశాడు. నేను పెద్దమనిషి తరహాలో, "నేను రాస్తాలేప్పా" అని బేస్‌మెంట్లో బల్ల వేసుకుని కూర్చున్నాను.

"పుట్టినతేదీ?" అని అడిగాను.

"నాకేం ఎర్క సారూ."

"వయసెంతుంటుంది?"

"ఉంటది."

"ఎంతమ్మా?"

"సదువుకున్నోడివి, నువ్వే సూసి రాయి."

చూశాను. జుట్టు సగం నెరిసింది. కింది పళ్లు రెండు లేవు. యాభై అని రాసేశాను. తేదీ తెలియనివాళ్లకు జనవరి ఒకటి వేయడం మా ఆఫీసుల్లో ఆచారం. అంటే ఆమె పందొమ్మిది వందల యాభై నాలుగు జనవరి ఒకటిన పుట్టింది. ఆ రోజు అలా ఇరవై ఏడు మందిని పుట్టించాను. ఆ పై ఏడాది నుంచి కంపెనీ నోటీసు బోర్డు మీద పుట్టినరోజుల జాబితాలో జనవరి ఒకటి కింద ఇరవై ఏడు పేర్లు వచ్చేవి. సూపర్‌వైజర్ అందరికీ కలిపి ఒకే కేకు తెచ్చేవాడు. మేం అది చూసి నవ్వుకునేవాళ్లం. అందులో నవ్వాల్సింది ఏమీ లేదని తెలియడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు కాంట్రాక్టరు దగ్గర్నుంచి ఒక జాబితా వచ్చింది. వచ్చే జనవరి ఒకటికి యాభై ఎనిమిది నిండేవాళ్లను ఇంటికి పంపుతున్నామనీ, మీరు సరిచూసి ఈ వారంలో సంతకం పెట్టండనీ. అందులో ఆమె పేరుంది. సర్వీసు గడిలో ఎనిమిదేళ్లు.

మీకు తెలియకపోతే ఒక్క ముక్క చెబుతాను. పీఎఫ్‌తో పాటు కొంత పెన్షన్ ఖాతాలో పడుతుంది. యాభై ఎనిమిది వచ్చేలోపు పదేళ్ల సర్వీసు ఉంటే బతికినంత కాలం నెలనెలా పెన్షన్ వస్తుంది. లేకపోతే అప్పటిదాకా పడ్డది ఒకేసారి చేతిలో పెట్టి పంపేస్తారు. ఆమెకు రెండేళ్లు తక్కువ.

ఆ సాయంత్రం ఆమే మా గదికి వచ్చింది. చీపురు బయట గోడకు ఆనించి, గడప దగ్గరే నిలబడింది.

"నన్ను ఇంటికి పంపుతరంట గద సారూ. పించిని ఎంతొస్తది?"

రాదని చెప్పాను. ఎందుకు రాదో కూడా చెప్పాను. ఆమె అంతా విని, "గట్లెట్ల సారూ" అంది. "నాకు మేడలొద్దు, మిద్దెలొద్దు. నెలకు కొన్ని పైసలు నా చేతికొస్తే తమ్మునింట్ల నా కంచం నాదైతది. ఒక్కపారే ఇస్తే ఆర్నెల్లల్ల ఒడిసిపోతది. ఇగ అయినంక మరదలు మొకం చూడాలె."

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. ఆమె వయసు నేను రాసిందే అని ఆమెకు గుర్తుందో లేదో తెలియదు. నాకు మాత్రం ఆ బల్ల, ఆ పెన్ను, నేను ఆమె జుట్టు వైపు చూసిన చూపు, అన్నీ గుర్తొచ్చాయి.

మర్నాటి నుంచి ఆమె నిజమైన వయసు ఎంతో కనుక్కోవడం నా పనైంది. దానికి ప్రాయశ్చిత్తం అని పేరు పెట్టుకోవచ్చు గానీ, నిజం చెప్పాలంటే సగం కుతూహలమే. ఓటరు కార్డు చూస్తే యాభై రెండు. రేషన్ కార్డు చూస్తే అరవై. "ఒక్కొక్క సర్కారుకు ఒక్కొక్క తీరు కనవడ్డ సారూ" అని ఆమె నవ్వింది.

"పెళ్లి ఎప్పుడైందమ్మా?" అని అడిగాను.

"మొదటి లొల్లి అప్పుడు. గిప్పటి లెక్కనే బస్సులు బందైనయ్. ఎడ్లబండి మీద తీస్కపోయిండ్రు. అప్పుడు నాకు పదిహేనేండ్లని మా అమ్మ అంటుండె."

మొదటి లొల్లి అంటే అరవై తొమ్మిది ఉద్యమం. అందులోంచి పదిహేను తీసేస్తే యాభై నాలుగు. నేను రాసిందే! ఒక్క నిమిషం నా కంటిచూపు మీద నాకే గౌరవం పెరిగింది. మరుక్షణం ఉసూరుమన్నాను. నా లెక్క సరైనదైతే ఆమెకు పెన్షన్ లేనట్టే.

అప్పుడు ఆమె మామూలుగా ఇంకో మాట అంది. "నాతోటి బడిల కూసున్నోడు ఎమ్మార్వో ఆఫీసుల ప్యూను. వానికింక అయిదేండ్ల నౌకరి ఉన్నది. నాకెట్ల ఒడిసిపోయింది సారూ?"

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి యాభై ఎనిమిది, ఇంకొకరికి యాభై మూడా? నా పక్క సీటాయన పెదవి విరిచాడు. "సర్కారు నౌకరోడు సార్. అయిదేండ్లు తక్కువ రాపిచ్చుకునుంటడు. గా లెక్క పట్టుకోకుండ్రి."

"మరి బడికి పోయినావా నువ్వు?" అని ఆమెను అడిగాను.

"రెండేండ్లు పోయిన. మా ఊరి బడికే."

బడి రిజిస్టరులో ఉన్న తేదీని పీఎఫ్ వాళ్లు ఒప్పుకుంటారు. ఆ బడి ఇప్పటికీ ఉంది. మా ఆఫీసు నుంచి స్కూటరు మీద పావుగంట. చిక్కల్లా ఒకటే. పంతుళ్లందరూ సమ్మెలో ఉన్నారు. బడికి తాళం.

నా పక్క సీటాయన స్కూటరు మీద ఇద్దరం మధ్యాహ్నం బయల్దేరాం. ఆమె పని ముగించుకుని నడిచి వస్తానంది. "సార్, ఆడ మీరు నోరిప్పకుండ్రి" అని దారంతా చెబుతూనే ఉన్నాడు. "మీ మాట ఇంటే ఎటోళ్లో ఎంటనే తెలుస్తది." నేను సరేనన్నాను.

బడి గేటు ముందే టెంటు వేసి ఉంది. చాపల మీద ఓ పదిహేను మంది కూర్చున్నారు. హెడ్మాస్టరు మధ్యలో ఉన్నాడు. సన్నటి మనిషి, మెడలో కండువా. నా పక్క సీటాయన అంతా విడమరిచి చెప్పాడు. హెడ్మాస్టరు శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపాడు.

"ఆమెకు అన్యాయం జరిగిందంటె నాకూ బాధనే. కాని సమ్మెల ఉన్నం. తాళం తీసేది లేదు. సమ్మె అయిపోంగనే నేనే మీ ఆఫీసుకొచ్చి కాగితమిస్త."

"వారంల జాబితా పోతది సార్" అన్నాడు మావాడు, అదే నా పక్క సీటాయన.

నాకు నోరు ఊరుకోలేదు. "అయిదు నిమిషాల పని సార్. ఎవరు చూస్తారు?" అన్నాను.

టెంటంతా నా వైపు తిరిగింది. హెడ్మాస్టరుకు కోపం రాలేదు. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"ఎవలో చూస్తరని కాదు సార్. నేను చూస్త గద" అన్నాడు.

మావాడు నా కాలు తొక్కాడు. రెండేళ్లుగా టీ దగ్గర, సమ్మె అంటే సమ్మే, అందులో మినహాయింపులు ఉండవని నాతో కొట్లాడిన మనిషి ఇప్పుడు చేతులు జోడించి బతిమాలుతున్నాడు. "మనోడివి, నువ్వే గిట్లంటే ఎట్లనే?" అని హెడ్మాస్టరు అడిగితే జోడించిన చేతులు దించకుండా తల వంచుకున్నాడు. మావాడు ఎటు మొగ్గుతాడా అని నాకు కుతూహలం కలిగిన మాట వాస్తవం. తర్వాత తలచుకుంటే అది చాలా చవకబారు కుతూహలం అనిపించింది.

అప్పుడొచ్చింది ఆమె. ఒంటి మీద కాంట్రాక్టరు ఇచ్చిన నీలం కోటు ఇంకా అట్లాగే ఉంది. సంగతి విన్నది. హెడ్మాస్టరు ముందు గొంతుక్కూర్చుంది.

"నువ్వు తాళం తియ్యకు సారూ. నాకియ్యి. సమ్మెల నువ్వున్నవ్, నేను లేను గద. నాది ఊడ్సే పని. బడి ఊడ్సక ఎన్ని దినాలైంది? ఊడుస్త. ఊడుసుకుంట ఊడుసుకుంట బీరువా కూడ దులుపుత."

టెంటులో ఎవరో పకపకా నవ్వారు. హెడ్మాస్టరు నవ్వలేదు. జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి, ఆమె చేతికి ఇవ్వకుండా చాప మీద పెట్టాడు.

"నేనైతే ఎవలకూ ఇయ్యలె" అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తాళం తీయగానే బీరువా దగ్గరికి పోతుందనుకున్నాను. పోలేదు. మూలనున్న చీపురు తీసుకుని రెండు గదులూ, వరండా శుభ్రంగా ఊడ్చింది. బెంచీల కింద కూడా. మేమిద్దరం బూట్లు విప్పి వరండా చివర నిలబడ్డాం. తొందరపెట్టే ధైర్యం మాకు లేకపోయింది. ఊడుస్తానని మాట ఇచ్చింది కాబట్టి ఊడ్చింది. ఆ తర్వాతే బీరువా తెరిచింది.

పాత రిజిస్టర్లు అట్టడుగున ఉన్నాయి. తీసి చూస్తే అంతా ఉర్దూ. అప్పటి పంతులు ఉర్దూలో చదువుకున్నవాడట. అందులో ఒక్క అక్షరం నాకు రాదు. మావాడు మాత్రం కళ్లజోడు సరిచేసుకుని, "మా నాయిన కొట్టి నేర్పించిండు సార్, గిప్పుడు పనికొచ్చింది" అని కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చదవడం మొదలుపెట్టాడు. అరవై నాలుగు జూన్ పేజీలో ఆమె పేరు, వాళ్ల నాయన పేరు దొరికాయి. వయసు ఆరేళ్లు. పుట్టినతేదీ జూన్ ఒకటి.

మావాడు ఆ పైవరుస చదివాడు. జూన్ ఒకటి. ఆ కిందిది చదివాడు. అదీ జూన్ ఒకటే. పేజీ మొత్తం జూన్ ఒకటి.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నలభై ఏడేళ్ల కిందట అదే ఊళ్లో నాలాంటి మహానుభావుడే ఇంకొకడున్నాడన్నమాట. ఒక ఊహ బదులు ఇంకో ఊహ తెచ్చి పీఎఫ్ వాళ్ల ముందు పెట్టాలా?

"ఆ పంతులు నిన్ను వయసు అడిగాడా, చూసి రాసుకున్నాడా?" అన్నాను.

"అడగలె. చెయ్యి నెత్తి మీదికెల్లి అవతలి చెవి ముట్టుకొమ్మన్నడు" అని చేసి చూపించింది. "మొదటి ఏడు అందలె. ఇంక చిన్నదే, తీస్కపో అని మా నాయినను ఎల్లగొట్టిండు. మల్ల ఏడు అందింది. గప్పుడు పేరు రాసుకున్నడు."

నేను కూడా చిన్నప్పుడు అలాగే చెవి పట్టుకుని బడిలో చేరాను. ఆరేళ్ల దాకా పిల్లల చెయ్యి ఆ చెవికి అందదు. ఏడాది అటూ ఇటూ కావచ్చు గానీ, నా లెక్కే నిజమైతే వెళ్లగొట్టిన ఏడు ఆమెకు తొమ్మిదేళ్లుండాలి, తొమ్మిదేళ్ల పిల్ల చెయ్యి అందకపోవడం అనేది ఉండదు. ఆ పంతులు తేదీ ఊహించాడు గానీ వయసు కొలిచాడు. నేను కొలవనైనా లేదు. యాభై ఎనిమిదిలో పుట్టిన మనిషిని యాభై నాలుగులో పుట్టించి, నాలుగేళ్ల బతుకు కోసేశాను.

పెన్షన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆమె వయసు విచారణలో ఉందని రాసి ఆ జాబితా మీద సంతకం పెట్టకుండా ఆపాను. మా మేనేజరు, "మన ఉద్యోగి కూడా కాదు, మీకెందుకండీ?" అని చిరాకుపడ్డాడు. ఆ రాత నాదని చెప్పాక ఊరుకున్నాడు. సమ్మె ముగిసిన మూడో రోజున హెడ్మాస్టరు అన్న మాట ప్రకారం తానే వచ్చి సర్టిఫికెట్ ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్లాడు. ఆమె ఇంకో నాలుగేళ్లు పైనే పనిచేసింది. పెన్షన్ వచ్చింది, చిన్నదే. మిగిలిన ఇరవై ఆరు మంది వయసులు కూడా ఒక్కొక్కరివీ తవ్వి తీశాను. నోటీసు బోర్డు మీద తేదీలు పెరిగి కేకుల ఖర్చు ఎక్కువైందని సూపర్‌వైజర్ గొణిగాడు.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ మధ్యాహ్నమే. రిజిస్టరు మూసి, మావాడు సంబరంగా, "అక్కా, నాలుగేండ్లు చిన్నదానివైనవ్! దావత్ ఇయ్యాలె!" అన్నాడు. నేను కూడా నవ్వుతూ ఆమె వైపు చూశాను. ఆమె నవ్వడం లేదు. బీరువా మూసి, గదికి తాళం వేసి, వరండా మెట్టు మీద కూర్చుంది. వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకుంటోంది.

"అరవై నాలుగుల ఆరేండ్లంటె, నా పెండ్లప్పుడు ఎన్ని సారూ?"

లెక్కలే నా ఉద్యోగం. ఆ లెక్క మాత్రం దాటేయబోయాను. "రిజిస్టరులో కొంచెం అటూ ఇటూ ఉంటుందమ్మా" అన్నాను.

"ఎంత అటూ ఇటూ?"

"ఏడాది."

"పదకొండా?"

"అంతే ఉంటుందమ్మా."

మావాడు దూరంగా వెళ్లి స్కూటరు దగ్గర నిలబడ్డాడు. ఆమె గేటవతల టెంటు వైపు చూస్తూ మాట్లాడింది. గొంతులో ఏడుపు లేదు.

"పెండ్లయిన రెండేండ్లకు మొదటి కాన్పు అయింది. ఆడిపిల్ల. నెల తిరగకుండనే పోయింది. మా అత్త ఊరంత చెప్పింది. పదిహేడేండ్ల మనిషి, పసిగుడ్డును దక్కించుకోను చాతకాలేదు అని. నేను గూడ గట్లనే అనుకున్న. గిన్నేండ్లు గదే అనుకున్న." మళ్లీ వేళ్లు మడిచింది. "అప్పుడు నాకెన్నేండ్లు సారూ?"

"పదమూడు."

ఆమె కోటు అంచుతో రెండు చేతులూ తుడుచుకుంది. బడి దుమ్ము ఎప్పుడో పోయింది, అయినా తుడుచుకుంటూనే ఉంది.

"గట్లయితే నా తప్పు గాదు" అంది. నా వైపు తిరిగి, "ఇంకోపారి చెప్పు సారూ, ఎన్నేండ్లు?" అని అడిగింది.

"పదమూడమ్మా" అన్నాను.